ఈ కాల్‌కి సొంతమైనదేది, అందరికీ ఉమ్మడిదేది?

పోయిన నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక మా అక్క కూతురు ఫోన్ చేసింది. బీటెక్ రెండో సంవత్సరం. మర్నాడు జావా ల్యాబ్ ఎక్స్‌టర్నల్. ఫిబొనాచి వరస (ఒక్కో అంకె దాని ముందు రెండింటి మొత్తం) లెక్కించే ప్రోగ్రాం రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనని తానే పిలుచుకునే పద్ధతిలో, రాసింది, రన్ అయింది, రికార్డులోకి ఎక్కించింది, సంతకం కూడా అయిపోయింది. అయినా టెన్షన్ పడుతోంది. ఇంటర్నల్ వైవాలో మేడమ్ అడిగిన ఒక ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయిందట. "ఫంక్షన్ తనని తానే పిలుచుకుంటోంది, బాగానే ఉంది. దానికి క్లాసు ఎందుకు? ఆబ్జెక్ట్ ఎందుకు క్రియేట్ చేశావు?" (క్లాసు అంటే డేటానీ, దాని మీద నడిచే ఫంక్షన్లనీ, అంటే మెథడ్‌లనీ, కలిపిన అచ్చు. ఆ అచ్చులో పోసిన ఒక్కో ప్రతి ఒక ఆబ్జెక్ట్.)

"జావాలో క్లాసు లేకుండా ఏదీ రాయలేం కదా పిన్నీ, అందుకే పెట్టానని చెప్పాను. అది జవాబు కాదన్నారు."

"మెథడ్‌ని స్టాటిక్ చేసెయ్ తల్లీ. ఆబ్జెక్ట్ అక్కర్లేదు, రేపు అదే చెప్పు" అని ఆ రాత్రికి పడుకోబెట్టాను. ఆ ప్రోగ్రాం వరకు అది సరైన జవాబే. కానీ ఫోన్ పెట్టేశాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పద్నాలుగేళ్లుగా ప్రోగ్రాములు రాసే పనే చేస్తున్నాను. ఇన్నేళ్లలో నన్ను బాగా ఏడిపించిన బగ్స్‌లో రెండు, సరిగ్గా ఆ మేడమ్ అడిగిన ప్రశ్న ఎవరూ అడగనందువల్ల వచ్చినవే. అందులో ఒకటి నేనే రాసింది.

నేను అనుకునేది ఇది. రికర్షన్‌లో ప్రతి కాల్‌కీ (ఫంక్షన్‌ని ఒకసారి పిలవడమే ఒక కాల్) సొంతంగా కొంత ఉంటుంది. కాల్స్ అన్నింటికీ ఉమ్మడిగా కొంత ఉంటుంది. సొంతమైనది పారామీటర్లలో (పిలిచేటప్పుడు ఇచ్చే విలువలు), లోకల్ వేరియబుల్స్‌లో (ఆ కాల్ లోపలే ఉండేవి) ఉండాలి. ఉమ్మడిది ఆబ్జెక్ట్‌లో ఉండాలి. ఉమ్మడిది అంటూ ఏమీ లేకపోతే క్లాసు దండగ. ఉండి కూడా దానికంటూ ఒక చోటు చూపించకపోతే అది ఆబ్జెక్ట్‌కి కాక క్లాసు మొత్తానికి ఒకటే అయిన ఏ స్టాటిక్ వేరియబుల్‌లోకో, ఏ గ్లోబల్‌లోకో వెళ్లి కూర్చుంటుంది, ఒకరోజు ప్రొడక్షన్‌లో, జనం నిజంగా వాడేటప్పుడు, బయటపడుతుంది.

ఫిబొనాచి నుంచే మొదలుపెడతాను. క్లాసులో కుందేళ్ల కథ చెబుతారు గానీ, మనకి అంతకన్నా దగ్గర దారి ఉంది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు మాత్రలు. మొత్తం నాలుగు మాత్రలు వచ్చేలా లఘువుల్నీ గురువుల్నీ ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? చివర లఘువు ఉందనుకోండి, దాని ముందు మూడు మాత్రలు ఉండాలి. చివర గురువు ఉంటే ముందు రెండు మాత్రలు. అంటే నాలుగు మాత్రల లెక్క కావాలంటే మూడింటి లెక్క, రెండింటి లెక్క కలపాలి. మూడు మాత్రలకి 3 రకాలు, రెండు మాత్రలకి 2, మొత్తం 5. ఆ అయిదూ మనం బడిలో బట్టీ పట్టినవే: గగ, భ, జ, స, నల. కంద పద్యంలో వాడే గణాలు ఇవే, ఆరోది లేదు. ఎందుకు లేదో ఈ చిన్న రికర్షన్ చెబుతుంది. ఇటలీ గణితవేత్త ఫిబొనాచి తన పుస్తకం రాసింది 1202లో. జైన పండితుడు హేమచంద్రుడు ఈ వరసని ఛందస్సు కోసం 12వ శతాబ్దం మధ్యలోనే చెప్పాడు, ఛందస్సు పండితుడు విరహాంకుడు ఆయనకన్నా కొన్ని వందల ఏళ్లు ముందే చెప్పాడు. మన పిల్లలకి ఈ ప్రోగ్రాం మాత్రలతో నేర్పితే బాగుంటుందని నాకు చాలా ఏళ్లుగా కోరిక.

దీన్ని నేరుగా రాస్తే రెండు లైన్లు. మాత్రలు సున్నా గానీ ఒకటి గానీ అయితే జవాబు 1. లేకపోతే ఒకటి తక్కువ మాత్రల లెక్క, రెండు తక్కువ మాత్రల లెక్క కూడు. ఇక్కడ ఒక కాల్‌కి తెలియాల్సింది ఎన్ని మాత్రలు అన్నదొక్కటే. అది పారామీటర్‌గా వస్తోంది. ఉమ్మడిది ఏమీ లేదు. కాబట్టి మేడమ్ ప్రశ్న న్యాయమైనదే, ఇక్కడ ఆబ్జెక్ట్‌కి పని లేదు. ఫ్యాక్టోరియల్‌కీ అంతే, గసాభా కనుక్కోవడానికీ అంతే. పైథాన్‌లో కూడా వీటిని క్లాసులో చుట్టి ఒకే ఒక్క మెథడ్ పెట్టే అలవాటు కొందరికి ఉంది. జావా నుంచి అంటుకొచ్చిన పద్ధతి అది. చదివేవాడు ఆ క్లాసులో ఏదో దాచి ఉంటారని వెతుకుతాడు, ఏమీ కనపడదు. అలాంటివి రివ్యూకి వస్తే నేను క్లాసు తీసేయమనే రాస్తాను.

కానీ ఇదే ప్రోగ్రాంకి 40 మాత్రలు ఇచ్చి చూడండి. జవాబు 16,55,80,141. ఆ జవాబు రావడానికి మన మొదటి పిలుపుతో కలిపి ఫంక్షన్ నడిచేది 33 కోట్ల 11 లక్షల 60 వేల 281 సార్లు. ఊహించి చెప్పిన అంకె కాదిది. ఈ రికర్షన్ చెట్టులో ఆకులన్నీ ఒకట్లే, కాబట్టి ఆకులెన్నో జవాబు అంత. కొమ్మల చీలికలు అంతకు ఒకటి తక్కువ. రెండూ కలిపితే జవాబుకి రెట్టింపులో ఒకటి తక్కువ. నాలుగు మాత్రలకైతే 9 కాల్స్. అందులో రెండు మాత్రల లెక్కని రెండుసార్లు చేస్తున్నాం. నలభైకి వచ్చేసరికి అదే లెక్కని కోట్లసార్లు చేస్తున్నాం.

ఒకసారి చేసిన లెక్కని రాసి పెట్టుకుంటే సరిపోతుంది. దాన్నే మెమోయిజేషన్ అంటారు. ఆ రాసిపెట్టుకునే పట్టిక ఎవరిది? ఏ ఒక్క కాల్‌దీ కాదు. పదో మాత్ర దగ్గర రాసింది ఇరవయ్యో మాత్ర దగ్గర చదవాలి. ఒక కాల్ ముగిసిపోయాక కూడా అది బతికి ఉండాలి. ఉమ్మడి సొత్తు మొదటిసారి వచ్చింది ఇక్కడే. క్లాసుకి అసలు కారణం పుట్టింది కూడా ఇక్కడే.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషల్లో ఇక్కడ ఒక అందమైన సంగతి ఉంది, ల్యాబుల్లో దీన్ని ఎవరూ చూపించరు. మాత్రల లెక్క చేసే మెథడ్ ఒక క్లాసులో మామూలుగా, పట్టిక లేకుండా రాశాం అనుకోండి. లోపల తనని తాను పిలుచుకునేటప్పుడు అది పిలిచేది "ఈ ఆబ్జెక్ట్ తాలూకు మెథడ్"ని. పైథాన్‌లో సెల్ఫ్, జావాలో దిస్. ఇప్పుడు దాన్నుంచి దాని మెథడ్‌లన్నీ పొందే ఒక చైల్డ్ క్లాసు తీసి (మొదటిది పేరెంట్), అదే మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేద్దాం, అంటే అదే పేరుతో మళ్లీ రాద్దాం. కొత్త మెథడ్ చేసేది చాలా తక్కువ: పట్టికలో ఉందా చూడు, ఉంటే ఇచ్చెయ్, లేకపోతే పేరెంట్ మెథడ్‌ని పిలిచి వచ్చిన జవాబు పట్టికలో రాయి. పేరెంట్ క్లాసులో ఒక్క అక్షరం మార్చలేదు. అయినా పేరెంట్ లోపల నుంచి వెళ్లే ప్రతి రికర్సివ్ కాల్ ఇప్పుడు చైల్డ్ మెథడ్‌కే వస్తుంది, ఎందుకంటే ఆబ్జెక్ట్ చైల్డ్‌ది. పేరెంట్‌కి తెలియకుండానే దాని రికర్షన్ మొత్తం పట్టిక గుండా నడుస్తుంది. దీన్ని ఓపెన్ రికర్షన్ అంటారు. 33 కోట్ల కాల్స్‌కి బదులు పేరెంట్ లోపలి లెక్క జరిగేది సున్నా నుంచి నలభై వరకు ఒక్కొక్కదానికి ఒక్కసారి, అంతా కలిపి 41 సార్లు.

జావాలో ఆ మెథడ్ స్టాటిక్ అయితే ఇది జరగదు. స్టాటిక్ మెథడ్ ఎవరిని పిలవాలన్నది కంపైల్ అయినప్పుడే ఖాయమైపోతుంది, చైల్డ్‌కి అవకాశమే లేదు. అంటే ఆ రాత్రి నేనిచ్చిన "స్టాటిక్ చేసెయ్" అన్న సలహా ఈ తలుపు మూసేసింది. ఫోన్ పెట్టేశాక నన్ను కుదురుగా ఉండనివ్వనిది అదే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. జావాలో చాలామంది ఈ పట్టికని హ్యాష్‌మ్యాప్‌లో (కీ ఇస్తే దాని విలువ ఇచ్చే పట్టిక) పెట్టి, కంప్యూట్ ఇఫ్ ఆబ్సెంట్ అన్న మెథడ్‌తో ఒక్క లైన్‌లో ముగిస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ మెథడ్‌కి ఇచ్చిన లెక్క మళ్లీ అదే మ్యాప్‌ని మార్చకూడదు, రికర్షన్ చేసేది సరిగ్గా అదే. జావా 8లో మ్యాప్ చప్పుడు లేకుండా పాడయ్యే వీలుండేది. జావా 9 నుంచి కంకరెంట్ మోడిఫికేషన్ ఎక్సెప్షన్ వచ్చి ఆగిపోతుంది. ముందు చూడటం, తర్వాత లెక్క చేయడం, ఆ తర్వాత రాయడం అని మూడు లైన్లలో రాసుకోండి. ఏ ఇబ్బందీ ఉండదు.

ఇక నేనే రాసిన ఆ బగ్ సంగతి.

చాలా ఏళ్ల కిందట ఒక కంపెనీలో బోరు మోటార్లు తయారుచేసే వాళ్ల కోసం ధర లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ రాశాం. బోరు మోటారు అంటే ఒక వస్తువు కాదు. పంపు ఒకటి, మోటారు ఒకటి. మోటారు విప్పితే స్టేటర్, రోటర్, షాఫ్ట్, బేరింగులు. స్టేటర్ విప్పితే స్టాంపింగులు, వైండింగు వైరు. ప్రతిదాని కింద మళ్లీ బోల్టులు, వాషర్లు. ఈ భాగాల జాబితాని ఫ్యాక్టరీల్లో బీఓఎమ్ (బిల్ ఆఫ్ మెటీరియల్స్) అంటారు. ఒక భాగం ఖరీదు అంటే దాని కింద ఉన్న భాగాల ఖరీదుల మొత్తం, ప్లస్ బిగించిన కూలి. నిర్వచనంలోనే రికర్షన్ ఉంది. అదే వాషరు, అదే బేరింగు వందల చోట్ల వస్తాయి కాబట్టి మెమో, అంటే ఆ రాసిపెట్టుకునే పట్టిక, కావాలి. నేను రాశాను. మెథడ్ స్టాటిక్, పట్టిక కూడా స్టాటిక్. పార్ట్ నంబర్ ఇస్తే ఖరీదు వచ్చేది. టెస్టింగులో ఝుమ్మని పరిగెత్తింది.

వాళ్లకి రెండు యూనిట్లు ఉన్నాయి. రెండింటికీ వేర్వేరు సప్లయర్లు, వేర్వేరు రేట్లు. టెస్టింగు ఒక యూనిట్ డేటాతోనే జరిగింది. లైవ్‌లో పొద్దున్నే మొదట ఏ యూనిట్ వాళ్లు లాగిన్ అయితే వాళ్ల రేట్లతో పట్టిక నిండేది. రెండో యూనిట్ వాళ్లు అడిగితే, పార్ట్ నంబర్ అదే కాబట్టి, పక్క యూనిట్ ఖరీదు తీసి ఇచ్చేది. రాత్రి సర్వర్ రీస్టార్ట్ అయ్యేది, అందువల్ల మర్నాడు తప్పు ఇంకో వైపు తిరిగేది. ఒకరోజు సరిగ్గా ఉండి ఇంకోరోజు తప్పుగా ఉండే బగ్ కన్నా మనిషిని నలిపేసేది లేదు. పట్టుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. ఈలోపు తప్పు కొటేషన్లు బయటికి వెళ్లిపోయాయి. వాళ్ల అకౌంట్స్‌లో ఉండే పెద్దాయన కొటేషన్ కాగితాలు రెండు పక్కపక్కన పెట్టి, "అమ్మా, ఒకే మోటారుకి సోమవారం ఒక ధర, మంగళవారం ఒక ధర ఎలా వస్తుంది?" అని నెమ్మదిగా అడిగారు. కోప్పడి ఉంటే బాగుండేది.

తప్పు ఎక్కడుంది? మెమో ఉమ్మడిదే, అందులో నేను పొరబడలేదు. ఎవరికి ఉమ్మడి అన్నది ఆలోచించలేదు. అది ఒక రేట్ల పట్టికతో చేసే ఒక లెక్కలోని కాల్స్‌కి ఉమ్మడి. ప్రపంచంలో జరిగే లెక్కలన్నింటికీ కాదు. ఆ "ఒక రేట్ల పట్టికతో చేసే ఒక లెక్క"కి నా ప్రోగ్రాంలో పేరు లేదు. పేరు లేనిదానికి ఆస్తి ఎక్కడ రాస్తాం? సరిచేసినప్పుడు చేసింది ఇంతే: ఖరీదు లెక్క అని ఒక క్లాసు. కన్‌స్ట్రక్టర్‌లో, అంటే ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు, రేట్ల పట్టిక, తేదీ తీసుకుంటుంది. మెమో దాని ఇన్‌స్టన్స్ వేరియబుల్, ఒక్కో ఆబ్జెక్ట్‌కి విడిగా ఉండేది. రికర్సివ్ మెథడ్‌కి పారామీటర్ ఒక్కటే, ఏ భాగం అన్నది. రిక్వెస్ట్ వచ్చినప్పుడు ఆబ్జెక్ట్ పుడుతుంది, జవాబు ఇచ్చాక పోతుంది, దాంతో పాటే మెమో కూడా పోతుంది.

పైథాన్‌లో ఇదే తప్పు ఇంకా మెత్తగా జరుగుతుంది. పట్టికగా వాడే డిక్షనరీని, ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే ఇనిట్ మెథడ్ లోపల కాకుండా, క్లాస్ పేరు కిందనే రాస్తే అది ఆబ్జెక్ట్‌లన్నింటికీ ఒకటే. సెల్ఫ్ డాట్ అని వాడుతున్నాం కాబట్టి నాదే అనుకుంటాం, కాదు. ఫంక్షన్ పారామీటర్‌కి డిఫాల్ట్‌గా ఖాళీ డిక్షనరీ ఇచ్చినా అంతే. ఆ డిఫాల్ట్ ఫంక్షన్ నిర్వచించినప్పుడు ఒక్కసారే తయారవుతుంది, ప్రతి కాల్‌కీ కాదు. ఫంక్‌టూల్స్‌లో దొరికే ఎల్‌ఆర్‌యూ క్యాష్‌ని (జవాబులు తనే గుర్తుపెట్టుకునే రెడీమేడ్ పనిముట్టు) మెథడ్ మీద తగిలించడం ఇంకొకటి. అప్పుడు సెల్ఫ్ కూడా కీలో భాగమవుతుంది. జవాబులు కలిసిపోవు, అది మంచిదే. కానీ క్యాష్ ఆ ఆబ్జెక్ట్‌ని పట్టుకుని కూర్చుంటుంది, మనం వదిలేసినా, క్యాష్‌లోంచి తొలగేదాకా అది మెమరీలోంచి పోదు. ఒక రిక్వెస్ట్‌కి ఒక ఆబ్జెక్ట్ అనుకున్న డిజైన్‌కి ఇది పూర్తిగా విరుద్ధం.

కాల్ ముగిసినా బతికి ఉండాల్సింది ఆబ్జెక్ట్‌లో ఉండాలి అన్న మాట నా సొంత కవిత్వం కాదు. క్లాసు అన్న ఊహ పుట్టిందే అలా. ఆల్గాల్ 60 అనే పాత భాషలో ప్రొసీజర్ (ఫంక్షన్ లాంటిదే) తనని తాను పిలుచుకోవచ్చు. దానికోసం ప్రతి కాల్‌కీ స్టాక్ అనే మెమరీ దొంతర మీద కొంత చోటు (దీన్నే ఫ్రేమ్ అంటారు) కేటాయించి, కాల్ ముగియగానే తీసేసే పద్ధతిని డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1960లో వివరించి రాశాడు. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలే యొహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ ఆల్గాల్‌ని పునాదిగా తీసుకుని సిమ్యులా అనే భాష చేశారు. వాళ్లకి సిమ్యులేషన్, అంటే బయట జరిగేదాన్ని కంప్యూటర్‌లో అనుకరించడం, కావాలి. లోపలికి వచ్చిన మనిషి, క్యూలో నిలబడిన బండి, ప్రొసీజర్ ముగియగానే మాయమైపోకూడదు. అందుకని ఆ చోటు కాల్ తర్వాత కూడా బతికి ఉండనిచ్చారు. 1972లో డాల్, మరో కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ కలిసి రాసిన వ్యాసంలో క్లాసుకి ఇచ్చిన నిర్వచనమే అది: తన కాల్ ముగిశాక కూడా బతికే బ్లాకుల్ని పుట్టించగల ప్రొసీజర్. డాల్‌కీ నైగార్డ్‌కీ కంప్యూటర్ రంగంలో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు (2001) వచ్చింది. వాళ్లు చేసిన పనిలో ఈ మెలిక తెలిశాకే నాకు ఆబ్జెక్ట్ అంటే ఏమిటో నిజంగా అర్థమైంది. రికర్షన్, క్లాసు అనేవి వేర్వేరు చాప్టర్లలో చదువుకుంటాం గానీ, ఒకే ఇంటి పిల్లలు. చచ్చిపోయే ఫ్రేమ్ అయితే కాల్, బతికి ఉండే ఫ్రేమ్ అయితే ఆబ్జెక్ట్.

అందుకే ఈ రెండింటినీ తారుమారు చేస్తే అంత గొడవ. ఉమ్మడిది సొంతానికి వెళ్తే లెక్క నెమ్మదిస్తుంది, అంతే. సొంతమైనది ఉమ్మడిలోకి వస్తే లెక్కే తప్పుతుంది. నేను చూసిన రెండో బగ్ ఇదే.

చదరంగం బల్ల మీద ఎనిమిది మంత్రుల్ని ఒకదానికొకటి తగలకుండా పెట్టడం తెలుసు కదా, ఇంగ్లిషు వాళ్లు ఎయిట్ క్వీన్స్ అంటారు. 92 జవాబులున్నాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేను ఇచ్చే అభ్యాసం ఇది. ఒకబ్బాయి చక్కగా క్లాసు రాశాడు. ఏ నిలువు వరసలు నిండాయి, ఏ మూలవాటాలు నిండాయి అన్నవి సెట్‌లుగా ఆబ్జెక్ట్‌లో పెట్టాడు. బాగుంది, అవి బల్ల తాలూకువి, అన్ని కాల్స్‌కీ ఒకే బల్ల. కానీ "ఇప్పుడు ఏ అడ్డ వరసలో ఉన్నాం" అన్నది కూడా ఆబ్జెక్ట్‌లోనే పెట్టాడు. లోపలికి వెళ్లేముందు ఒకటి కలిపేవాడు, వచ్చాక ఒకటి తీసేవాడు. ఒక ఇఫ్‌లో మధ్యలోనే రిటర్న్ ఉంది. అక్కడ తీసేయడం మరిచాడు. నాలుగో వరసలో ఉన్నాననుకున్న కాల్‌కి, తిరిగొచ్చి చూసుకుంటే అయిదు కనపడుతోంది. జవాబులు 92కి చాలా తక్కువ వచ్చాయి. ఆ అబ్బాయి మూలవాటాల లెక్కలో తప్పుందని రెండు రోజులు అక్కడే వెతికాడు.

వరసని పారామీటర్‌గా పంపితే ఆ బగ్‌కి పుట్టే చోటే లేదు. లోపలి కాల్ ఏం చేసినా, ఎక్కడినుంచి వెనక్కి వచ్చినా, నా వరస నా దగ్గరే ఉంటుంది. ప్రతి కాల్‌కీ కొత్త కాపీ ఇచ్చే పని మెషీన్ మనకి ఉచితంగా చేసిపెడుతోంది. దాన్ని కాదని ఫీల్డ్‌లో పెట్టి, కలపడం తీయడం మనం చేత్తో చేసుకోవడం ఎందుకు? వరస పారామీటర్ అయ్యాక లెక్క 92కి వచ్చింది. జాబితా ప్రింట్ చేస్తే 92 ఖాళీ బల్లలు వచ్చాయి. దొరికిన ప్రతిసారీ బల్లని కాపీ చేయకుండా అదే లిస్ట్‌ని జాబితాలో చేర్చాడు. వెనక్కి వస్తూ మంత్రుల్ని తీసేస్తాం కాబట్టి చివరికి ఆ ఒక్క లిస్టూ ఖాళీ అయింది, జాబితాలో 92 చోట్లా దాన్నే చూపిస్తోంది. జవాబు బయటికి ఇచ్చేటప్పుడు ఉమ్మడిది అలాగే ఇవ్వకూడదు, దాని నకలు ఇవ్వాలి.

అన్నీ ఇంత తేలిగ్గా సొంతం, ఉమ్మడి అని విడిపోవు. బీఓఎమ్‌లో ఎవరో పొరపాటున ఒక భాగం కింద దాన్నే కలిగి ఉన్న భాగాన్ని రాస్తే రికర్షన్ తిరుగుతూనే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే "ఇప్పుడు దారిలో ఉన్న భాగాలు" అని ఒక సెట్ కావాలి. అది అన్ని కాల్స్‌కీ కనపడాలి, కానీ ప్రతి కాల్ తను వేసింది తనే తీసెయ్యాలి. ఇలాంటివి ఆబ్జెక్ట్‌లోనే పెడతాను, తీసే లైన్ మాత్రం ఫైనల్లీలో రాస్తాను. ఎక్సెప్షన్ వచ్చినా, మధ్యలో రిటర్న్ అయినా అది జరిగి తీరాలి.

క్లాసులకన్నా ఫంక్షన్లనే నమ్ముకునే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ వైపు వాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు. క్లాసు దేనికి, లోపల ఇంకో ఫంక్షన్ రాసి, బయటి ఫంక్షన్‌లో ఉన్న పట్టికని అది వాడుకుంటే చాలు కదా అని. క్లోజర్ అంటారు దాన్ని. వాళ్లన్నది నిజం. అక్కడా ఉమ్మడిది బయటి ఫంక్షన్‌లో, సొంతమైనది లోపలి ఫంక్షన్‌లో ఉంది, గీత సరైన చోటే పడింది. పది లైన్లలోపు అయితే నేనూ క్లోజరే రాస్తాను. అంతకు మించితే, మెమోలో ఏముందో టెస్టులో చూడాల్సి వస్తే, సగంలో ఆపి మళ్లీ నడపాల్సి వస్తే, క్లోజర్ లోపల ఉన్నది బయటికి కనపడదు. అప్పుడు క్లాసే నయం.

డిజైన్ ప్యాటర్న్స్ (క్లాసులు అమర్చే పేరున్న పద్ధతులు) చదివినవాళ్లకి కాంపోజిట్ అనేది గుర్తొచ్చి ఉంటుంది: విడిభాగం ఒక క్లాసు, అసెంబ్లీ ఒక క్లాసు, ప్రతిదానికీ ఖరీదు అన్న మెథడ్. విడిభాగం తన రేటు చెబుతుంది, అసెంబ్లీ తన పిల్లల్ని అడిగి కూడుతుంది. బేస్ కేస్‌కి ఇఫ్ ఉండదు, ఆ క్లాసే బేస్ కేస్. అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. అయితే రేట్ల పట్టిక, మెమో ఆ భాగాలవి కావు, ఆ లెక్కవి. వాటిని భాగాల క్లాసుల్లోకి దూర్చితే నా పాత బగ్ కొత్త బట్టలు కట్టుకుని వస్తుంది. కాంపోజిట్ రాసినా సరే, లెక్క ఆబ్జెక్ట్‌ని విడిగా ఉంచి, దాన్ని మెథడ్‌కి పంపడమే నా పద్ధతి.

రికర్షన్‌ని క్లాసులో పెడితే స్టాక్ నిండదనుకునేవాళ్లు కూడా నాకు తగిలారు. నిండుతుంది. మెథడ్ కాల్ కూడా కాలే. పైథాన్ డిఫాల్ట్‌గా 1000 లోతు దగ్గర రికర్షన్ ఎర్రర్ ఇస్తుంది. జావాలో థ్రెడ్‌కి ఇచ్చిన స్టాక్ అయిపోగానే స్టాక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్. టెయిల్ కాల్ అని చివరి లైన్‌లో పిలిచినా పైథాన్‌ని మామూలుగా నడిపే సీపైథాన్ గానీ, జావాని నడిపే హాట్‌స్పాట్ గానీ దాన్ని లూప్‌గా మార్చవు. లోతు ఎంతన్నది బయటి నుంచి వచ్చే డేటా మీద ఆధారపడి ఉంటే నేను రికర్షన్‌ని వదిలేసి ఫ్రేమ్ అన్న చిన్న క్లాసు రాసుకుంటాను. ఏ భాగం దగ్గర ఉన్నాం, ఎన్నో పిల్ల వరకు చూశాం, ఇప్పటికి కూడిన మొత్తం ఎంత. ఈ మూడే అందులో ఉంటాయి. ఆ ఆబ్జెక్ట్‌ల్ని ఒక లిస్ట్‌లో పేర్చి, పైనుంచి తీస్తూ లూప్ తిప్పుతాను. మెషీన్ స్టాక్ మీద చేసే పనిని ఆబ్జెక్ట్‌లతో హీప్‌లో (కాల్ ముగిసినా ఆబ్జెక్ట్‌లు బతికి ఉండే మెమరీ) చేస్తున్నాం. ఓస్లోలో వాళ్లు ఒకప్పుడు ఫ్రేమ్‌ని ఆబ్జెక్ట్ చేశారు, మనం అక్కడికే తిరిగి వెళ్తున్నాం.

ఎక్స్‌టర్నల్ బాగానే అయిందట. ఆ ఆదివారం మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. మాత్రలతో మొదలుపెట్టాను. కందపద్యం గణాలు అయిదే ఎందుకో తెలిశాక దాని కళ్లు విప్పారాయి. ల్యాప్‌టాప్ తెచ్చి, స్టాటిక్ తీసేసి, పేరెంట్ క్లాసు, చైల్డ్ క్లాసు రెండూ అదే టైప్ చేసింది. కాల్స్ ఎన్నో లెక్కపెడతానంది.

"కౌంటర్ ఆబ్జెక్ట్‌లోనే కదా పిన్నీ? అన్ని కాల్స్‌కీ ఉమ్మడి కాబట్టి."

"నువ్వే చూడు" అన్నాను.

పేరెంట్ మెథడ్ మొదటి లైన్‌లో ఒకటి కలిపింది. నాలుగు మాత్రలకి 9 వచ్చింది. కొత్త ఆబ్జెక్ట్ చేసి నలభై ఇస్తే 331160281. నమ్మకం కుదరక, అదే ఆబ్జెక్ట్ మీద ఇంకోసారి పిలిచింది. ఈసారి 662320562. చైల్డ్ క్లాసుతో మొదటిసారి 41 వచ్చింది, రెండోసారి కూడా 41 గానే ఉంది. రెండు అంకెల వంకా చూస్తూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపల్నుంచి అక్క భోజనానికి పిలుస్తోంది.

"రెండోసారి దీనికి పట్టికలోనే జవాబు దొరికింది, పేరెంట్ దాకా వెళ్లలేదు, అందుకే 41 దగ్గరే ఆగింది. మొదటిదానికి పట్టిక లేదు, మళ్లీ అంతా చేసింది. కౌంటర్ మాత్రం పాతదాని మీదే ఎక్కింది" అంది తనలో తాను. "పిన్నీ, కౌంటర్ ఒక రన్‌ది. ఈ ఆబ్జెక్ట్ రెండు రన్‌లకి బతికి ఉంది."

"అయితే ఏం చేస్తావు?"

సమాధానం చెప్పలేదు. "వస్తున్నానమ్మా, రెండు నిమిషాలు" అని అక్కకి కేకేసి, రెండో కాల్ పైన కొత్త ఆబ్జెక్ట్ చేసే లైన్ టైప్ చేయడం మొదలుపెట్టింది.